రుఖియా చదివిన ఫారం

ఇవాన్ పడిపోయిన రోజు నుంచి ఇంట్లో ఫోను మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని.

ఇవాన్ నా కొడుకు రాజేందర్‌తో కలిసి పనిచేసేవాడు. ఇద్దరూ ఏసీ మెకానిక్కులు. యాప్రాల్ వైపు లేస్తున్న కొత్త అపార్ట్‌మెంట్లలో, ఏసీకి బయట ఉండే పెద్ద పెట్టెను గోడకు బిగించడం వాళ్ళ పని. బాల్కనీ గోడ దాటి, జానెడు వెడల్పు సజ్జ మీద నిలబడి, నడుముకు తాడు కట్టుకుని బిగిస్తారు. ఎండలు ముదరకముందే, ఒక గురువారం మధ్యాహ్నం, ఇవాన్ నాలుగో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. తాడు పక్కనే ఉంది. పది నిమిషాల పనికి తాడెందుకు అనుకున్నాడట.

ఆ సాయంత్రం రాజేందర్ ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. కోడలు హిమజ నీళ్ళిస్తే తాగలేదు. మనవరాలికి అప్పటికి ఏడు నెలలు. పాకుతూ వెళ్ళి తండ్రి బూటు తాడు పట్టుకుని లాగుతుంటే, వాడు దాని వైపు కూడా చూడలేదు.

తాడు కట్టుకోక పడ్డాడని అందరూ ఇవాన్ గురించే మాట్లాడుకున్నారు. నా భయం వేరు. అది రాజేందర్‌కూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

దసరా తర్వాత ఒక ఉదయం రాజేందర్ నీళ్ళ డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కుంటూ ఉన్నట్టుండి పడిపోయాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి, కళ్ళు పైకి తేలాయి, పెదవి చివర నురగ. ఎంతసేపో నాకు తెలియదు. లేచి కూర్చుని, నన్ను చూసి, నేనెవరో గుర్తుపట్టడానికి వాడికి కొంతసేపు పట్టింది. హిమజ అప్పుడు పుట్టింట్లో ఉంది. జనవరిలో వాడికి మళ్ళీ అలాగే అయింది. ఈసారి హిమజ పాల ప్యాకెట్టు కోసం వెళ్ళింది. తేరుకున్నాక వాడు పాపను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నా కుడిచేయి పట్టుకుని దాని నెత్తి మీద పెట్టాడు.

"ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్యి అమ్మా. హిమజకు సుత. కాంట్రాక్టర్‌కు తెలిస్తే రేపట్నుంచి పనికి రావొద్దంటడు."

"దవాఖానకన్న పోదాం బిడ్డా."

"పోత. ముందు ఒట్టెయ్యి."

వేశాను. వాడు దవాఖానకు పోలేదు. ప్రతి ఉదయం తాడు సంచి భుజాన వేసుకుని యాప్రాల్ పోయేవాడు.

ఇవాన్ చనిపోయిన పదకొండు రోజులకు హిమజ నా ముందు కూర్చుని బియ్యం ఏరుతూ అంది.

"అత్తమ్మా, మనం ఆయన పేరు మీద పాలసీ తీస్కుందాం. మీ లెక్క నేను కావొద్దు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నేనెలా అయ్యానో ఈ వాడలో అందరికీ తెలుసు. మా ఆయన తుకారాం బోయిన్‌పల్లి మార్కెట్‌లో హమాలీ. తొమ్మిదేళ్ళ కింద మా వాడలోనే ఉండే దయాకర్ అనే ఏజెంటు ఆయన చేత పాలసీ కట్టించాడు. ఆ సమయంలో నేను మార్కెట్‌లో టమాటాలు ఏరుతున్నాను. పద్నాలుగో నెలలో ఆయన బస్తా కింద పెట్టి, ఛాతీ పట్టుకుని, మరి లేవలేదు. కంపెనీ వాళ్ళు ఏమీ ఇవ్వలేదు. పాలసీ కట్టడానికి ముందు ఏడాది ఛాతీ నొప్పితో దవాఖానలో మూడు రోజులున్న సంగతి ఫారంలో దాచారన్నారు. దయాకర్ అప్పటికే ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడు. కంపెనీ ఉత్తరం రాజేందరే చదివి చెప్పాడు.

"అయిపోయిందమ్మా. ఆ కాయితాలు పెట్టెల వెట్టు. మల్ల తియ్యకు."

పెట్టెలో పెట్టాను. తర్వాత కమ్యూనిటీ హాల్లో కల్పలత టీచరు దగ్గర మధ్యాహ్నాలు కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంట్లో వాళ్ళతో చదివించుకోవడానికి మనసొప్పలేదు. చదివేవాళ్ళ గొంతు మధ్యలో మారితే నేను వినలేను.

మొదట వచ్చింది పురుషోత్తం. హిమజకు తెలిసినవాళ్ళెవరో పంపారు. ఆదివారం ఉదయం తెల్ల చొక్కా, మెడలో కార్డు, చేతిలో పలక లాంటి పెద్ద ఫోను. పాపకు బిస్కెట్టు ప్యాకెట్టు తెచ్చాడు.

"పది నిమిషాలల్ల అయిపోతది అమ్మా. మీరు చాయ్ పెట్టేలోపట పాలసీ చేతిల ఉంటది. మొదటి కిస్తు సుత నేనే కడ్త, ఎవ్వరికి చెప్పకుండ్రి."

రాజేందర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పురుషోత్తం తెర మీద వేలితో కొడుతూ అడిగాడు.

"రోగాలు గిట్ల ఏమన్న ఉన్నయా తమ్మీ?" జవాబు కోసం ఆగలేదు. "ఏముంటయ్, ఉక్కు లెక్కున్నవ్." వేలు పై నుంచి కిందికి, అద్దం మీద వాన చినుకులా జారింది. అన్నిటికీ 'లేదు'.

రాజేందర్ నా వైపు చూడలేదు. నేను లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి పాత ఫారం జిరాక్సు తెచ్చాను.

"సార్, ఈ కాయితం ఒక్కసారి సదివి చెప్తరా. ఇందుల ఏం తప్పు రాసిండ్రో నాకు తెల్వాలె."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. మెడ చాచి చూశాడు.

"ఇది మురిగిపోయిన పాలసీ అమ్మా. దీన్ని పట్కొని ఎందుకు పరేషాన్ అయితరు. చింపి పారేయుండ్రి. ఆఁ, తమ్మీ ఫోనుకు ఓటీపీ వచ్చింటది. ఆరు అంకెలు చెప్పుండ్రి, సంతకం అయిపోయినట్టే."

రాజేందర్ ఫోను నా పక్కన చార్జింగులో ఉంది. తెర వెలిగింది. ఆరు అంకెలూ కనిపించాయి. మా ఆయన బొటనవేలికి సిరా పూసి ఎవరో పట్టుకుని కాగితం మీద అద్దినట్టు నాకు కళ్ళకు కట్టింది. నేను ఆ రోజు ఇంట్లో లేను, చూడనూ లేదు. అయినా కనిపించింది.

"నాకు అంకెలు రావు సార్," అన్నాను. ఫోను తీసి పాప దుప్పటి కింద పెట్టాను.

"మరి ఆ ఫోను ఇటియ్యండ్రి."

"పాప పండుకున్నది. లేస్తది."

పాప కళ్ళు తెరుచుకుని ఆయన్నే చూస్తోంది. పురుషోత్తం కాసేపు ఉండి, చాయ్ తాగి, ఫోన్ చేస్తానని వెళ్ళిపోయాడు.

"అంకెలు రావా అత్తమ్మా?" హిమజ నడుం మీద చేతులు పెట్టుకుంది. "కరెంటు బిల్లు తప్పొచ్చిందని పోయిన నెల ఆఫీసుకు పోయి కొట్లాడిండ్రు గద."

"ఈయన వద్దు బిడ్డా."

"మరెవరు? ఎవరొచ్చినా మీరు గిట్లనే చేస్తే, ఆయనకేమన్న అయినంక చూస్కుందామా?"

రాజేందర్ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మంచి ఏజెంటు ఎవరని అడిగితే ప్రతివాళ్ళూ తమ బావమరిది పేరో, తమ చిట్టీ ఆయన పేరో చెబుతారు. పాలసీ అమ్మేరోజు అందరూ మంచివాళ్ళే. అందుకని నేను మనిషి పోయిన ఇళ్ళకు వెళ్ళాను. మీ ఇంట్లో చావు జరిగాక మీ ఏజెంటు వచ్చాడా, ఎన్నో రోజు వచ్చాడు, ఏమన్నాడు అని అడిగాను. అలా అడగడం తేలిక కాదు. ఒకామె ముఖం మీదే తలుపు వేసింది. ఇంకొకామె తన ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడని, ఇప్పటికీ ఎత్తడని చెప్పి, నా చేయి పట్టుకుని ఏడ్చింది. తిరిగి వస్తుంటే, ఏదో ఒక రోజు ఎవరో వచ్చి హిమజను ఇదే మాట అడుగుతారని అనిపించి, దారి మధ్యలో ఆగిపోయాను.

మార్కెట్ గేటు దగ్గర నిమ్మకాయలమ్మే షహర్ బానో మాత్రం గంప పక్కకు జరిపి చోటిచ్చింది. ఆమె భర్త పోయి రెండేళ్ళు.

"మూడో రోజు వచ్చింది. రుఖియా అని, తిరుమలగిరిల ఉంటది. ఏడ్వలే, గీడ్వలే. కాయితాలు తియ్ బానో అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది."

"పైసలు వచ్చినయా?"

"వచ్చినయ్. పాలసీ రాసేటప్పుడు సుత సతాయించింది పుష్పమ్మా. మా ఆయన బీడీ తాగుతడని రాసింది. బీపీ గోలీలు ఏస్కుంటడని రాసింది. కిస్తు పెరిగింది. ఆయన నెల దినాలు ఆమెను తిట్టిండు, ఏమన్న పోలీసుదా అని." నిమ్మకాయ ఒకటి చీర కొంగుతో తుడిచి గంపలో పెట్టింది. "మల్ల గా రాసిందే పనికొచ్చింది. అన్నీ ముందే చెప్పినం అని మొఖం మీద చూపిచ్చింది."

మర్నాడే బస్సెక్కి తిరుమలగిరి వెళ్ళాను. రుఖియాకు నలభై ఉంటాయి. కళ్ళద్దాలు, భుజాల మీద దుపట్టా. కూర్చోమని, మంచినీళ్ళిచ్చి, మొదట తన కార్డు తీసి నా ముందు పెట్టింది.

"ఇది నా లైసెన్సు. నంబరు రాసుకోండి అమ్మా. బ్రాంచికి పోయి, గిట్ల ఒక మనిషి ఉన్నదా అని అడగండి. అడిగినంకనే నాతోని మాట్లాడండి."

"అడిగే వచ్చిన బిడ్డా. బ్రాంచిల గాదు, షహర్ బానోను."

ఆమె నవ్వలేదు కానీ కార్డు వెనక్కి తీసుకుంది. నేను సంచిలోంచి పాత ఫారం తీసి ఇచ్చాను.

"ముందు ఇది సదువు. మొత్తం."

రుఖియా చదివింది. ఒక్కో వరుస మీద పెన్ను వెనక భాగం పెట్టి, ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పింది. పేరు, వయసు, పని. ఎప్పుడైనా దవాఖానలో చేరారా? లేదు. ఛాతీ నొప్పి, ఆయాసం? లేదు. షుగరు? లేదు. ప్రతి 'లేదు'కూ నేను తల ఊపాను. ఇవన్నీ నాకు తెలిసినవే. దయాకర్‌ను మనసులో తిట్టుకుంటూ విన్నాను. చివరి పేజీకి వచ్చి ఆమె ఆగింది.

"ఇంకొకటి ఉన్నది. సదవాల్నా?"

"సదువు."

"మీ ఆయన వేలిముద్ర వేసిండు. ఇంగ్లీషు రానాయన గట్ల వేస్తే, ఇందులున్నదంత ఆయనకు అర్థమయ్యేటట్టు తెలుగుల చెప్పిన అని ఒకరు సంతకం పెట్టాలె. ఏజెంటు పెట్టరాదు. వేరే మనిషి పెట్టాలె."

"ఎవరు పెట్టిండ్రు?"

రుఖియా కాగితం నా వైపు తిప్పింది. ఆ అక్షరాలు నాకు రావు. సంతకం మాత్రం తెలుసు. గ్యాస్ పుస్తకం మీద చూశాను, పాప టీకాల కార్డు మీద చూశాను. చివర్లో తోక లాగా కిందికి లాగే గీత.

"టి. రాజేందర్," అంది రుఖియా మెల్లగా. "చుట్టరికం, కొడుకు."

అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ పాసయ్యాడు. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన మొదటివాడు. కంపెనీ ఉత్తరం చదివి, మళ్ళీ తియ్యకు అని చెప్పినవాడు.

రుఖియా కాగితాలు మడిచి నాకిచ్చింది. అప్పుడు అడిగింది.

"మీ కొడుక్కు ఏమన్న జబ్బు ఉన్నదా అమ్మా?"

నా కుడిచేయి ఒళ్ళో ఉంది. దాని మీద ఎడమచేయి పెట్టుకున్నాను.

"నాకు తెల్వదు బిడ్డా."

ఆమె నా చేతుల వైపు చూసింది.

"సరే. ఆదివారం వస్త. అన్ని సదివి, ఆయన నోటితోనే చెప్పిపిస్త. ఏమన్న దాస్తే మాత్రం నేను రాయను. పాలసీకి మూడేండ్లు నిండకముందు మనిషి పోతే, కంపెనీవాళ్ళు పాత దవాఖాన చిట్టీలన్ని తవ్వి తీస్తరు."

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా బయట ఏముందో చూడలేదు. చెబితే పాప మీద వేసిన ఒట్టు తప్పుతుంది. వాడి పని పోతుంది. అసలు పాలసీయే ఇవ్వం అంటారేమో. చెప్పకపోతే పాలసీ వస్తుంది. కానీ అది తుకారాం పాలసీ లాంటిదే. ఏదో ఒక మధ్యాహ్నం బాల్కనీ గోడ మీద వాడి కళ్ళు పైకి తేలుతాయి, తాడు ఉంటే వేలాడతాడు, లేకపోతే లేదు. హిమజ పెట్టెలోంచి కాగితాలు తీసి ఎవరి చేతనో చదివించుకుంటుంది. దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను.

ఆదివారం వరకూ రాజేందర్‌తో సంతకం మాట ఎత్తలేదు. వాడు తింటున్నప్పుడు చేతిని చూసేదాన్ని. ముద్ద కాస్త జారినా లేచి వెళ్ళి వాడి పక్కన కూర్చునేదాన్ని.

రుఖియా పదిగంటలకు స్కూటీ మీద వచ్చింది. ఏ బిస్కెట్టూ తేలేదు. ఫారం తెలుగులో ఉన్నది తెచ్చింది. చాప మీద కూర్చుని రాజేందర్ ఎదురుగా పెట్టింది. హిమజ పాపను ఒళ్ళో వేసుకుని పక్కన కూర్చుంది. వాడికి పన్నెండింటికి యాప్రాల్‌లో పని ఉంది. తాడు సంచి తలుపు దగ్గర సిద్ధంగా ఉంది.

"తమ్మీ, ఒక్కొక్కటి సదువుత. నిదానంగ చెప్పు," అంది రుఖియా. "ఏం పని చేస్తవ్?"

"ఏసీ మెకానిక్."

"లోపటనా, బయట గోడల మీదనా?"

"రెండు."

"ఎంత ఎత్తు?"

రాజేందర్ చిన్నగా నవ్వాడు. "ఇల్లు ఎంత ఎత్తుంటే అంత."

ఆమె నవ్వకుండా రాసింది. సిగరెట్టు, మందు, షుగరు, బీపీ. అన్నిటికీ వాడు లేదన్నాడు. అవి నిజమే. ఆమె పెన్ను కిందికి దిగుతుంటే నేను ముందే ఆ వరుస చదివేశాను. అక్షరం అక్షరం కూడబలుక్కునేదాన్ని నేను, ఆ రోజు ఒక్క చూపులో చదివాను.

"మూర్ఛ గాని, ఫిట్స్ గాని, ఉన్నట్టుండి సోయి తప్పి పడుడు గాని, ఎప్పుడన్న అయిందా?"

"లేదు."

రుఖియా పెన్ను కాగితం మీద పెట్టలేదు. వాడి ముఖంలోకి చూసి మళ్ళీ చదివింది. అవే మాటలు.

"లేదంటున్న గద అక్కా."

నేను హిమజ ఒళ్ళో పాపను చూశాను. అది తల్లి గాజు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"ఉన్నది," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రెండుసార్లు అయింది. దసరా అయినంక ఒకసారి, జనవరిల ఒకసారి. చేతులు కొంకర్లు పోయినయ్. నేను చూసిన."

హిమజ పాపను ఛాతీకి అదుముకుంది. రాజేందర్ ఫారం పక్కకు నెట్టాడు.

"పాప నెత్తి మీద చెయ్యివెట్టినవ్ అమ్మా."

"పెట్టిన."

"మరి?"

వాడు లేచి, తాడు సంచి భుజాన వేసుకుని, బండి తీశాడు. హిమజ గుమ్మం దాకా పరుగెత్తింది. బండి చప్పుడు మూల తిరిగింది.

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "దసరా సంది తెలుసా అత్తమ్మా మీకు? రోజు పొద్దుగాల టిఫిన్ కట్టి గోడలెక్కెటందుకు నేనే పంపిన. మీరు చూసుకుంట ఊకున్నరా?"

"ఊకున్న."

ఆమె ఫోను తీసి చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఐదోసారికి ఫోను ఆపేసి ఉందని వచ్చింది. కోపంతో ఆపాడో, చార్జింగు అయిపోయిందో, పడి పగిలిందో. హిమజ చేతిలో ఫోను జారి చాప మీద పడింది. పాప ఏడుపు ఎత్తుకుంది.

రుఖియా ఫారం మూసి సంచిలో పెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను.

"అపార్ట్‌మెంటు ఏదో ఎరుకనా?"

"చెరువు దాటినంక, నీలం గేటు అన్నడు," అంది హిమజ.

"నడువుండ్రి అమ్మా. నా ఎన్క కూసోండి."

నేను స్కూటీ ఎక్కడం అదే మొదటిసారి. రుఖియా నడుం గట్టిగా పట్టుకున్నాను. దారిపొడుగునా కొత్త అపార్ట్‌మెంట్లు. ప్రతి గోడ మీదా ఏసీ పెట్టెలు వరుసగా కనిపించాయి. ఒక్కో పెట్టె దగ్గర ఒక మనిషి నిలబడి బిగించి ఉంటాడని ఇంతకుముందు నాకెప్పుడూ తోచలేదు. ఎక్కడైనా జనం గుమిగూడి కనిపిస్తే కళ్ళు మూసుకున్నాను. ఒకచోట గుంపు ఉంది. రుఖియా వేగం తగ్గించి చూసి, "చెరుకు రసం బండి అమ్మా," అని మళ్ళీ పోనిచ్చింది.

నీలం గేటు దగ్గర వాచ్‌మన్ పైకి చూపించాడు. "ఏసీ ఆయనా? అయిదో అంతస్తు. గిప్పుడే పోయిండు ఎన్క దిక్కు."

వెనక వైపుకు ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. మొదట కింద నేల చూశాను. ఇసుక, విరిగిన టైల్సు, ఎవరూ లేరు. తర్వాత పైకి చూశాను. అయిదో అంతస్తు బాల్కనీ గోడ మీంచి తాడు కిందికి వేలాడుతోంది. దాని చివర ఎవరూ లేరు. ఎండ కళ్ళలో కొడుతోంది. పేరు పెట్టి పిలవాలంటే భయం. పిలిస్తే ఉలిక్కిపడతాడేమో.

"అమ్మా."

గొంతు పక్కనుంచి వచ్చింది. మెట్ల కింద నీడలో, సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. నడుముకు బెల్టు ఇంకా ఉంది. నేను వెళ్ళి పక్కనే నేల మీద కూర్చున్నాను.

"కాలు గోడ దాటిచ్చిన," అన్నాడు నేల చూస్తూ. "నువ్వు ఒట్టు తప్పినవ్ గద, పాపకేమన్న అయితదేమో అని గుండె కొట్టుకున్నది. మల్ల, నేను పడ్తే పాపకేమైతది అనిపిచ్చింది. అట్లనే కాలు ఎన్కకు తీసిన."

నేను వాడి వీపు మీద చేయి వేశాను. చొక్కా తడిసి ఉంది.

"నాయిన ఫారం మీద..." అని ఆగాడు.

"ఎరుక."

తల ఎత్తాడు. "ఎప్పటిసంది?"

"మొన్నటిసంది. రుఖియా సదివి చెప్పింది."

తాడు గాలికి గోడను తాకుతూ ఊగుతోంది.

"దయాకర్ అన్న, నువ్వు సదువుకున్నోనివి, ఈడ సంతకం పెట్టు అన్నడు. నాయిన నా దిక్కు చూసి మురిసిపోయిండు. బడి బయట నేను పెట్టిన మొదటి సంతకం అదే అమ్మా. ఏం రాసున్నదో సదవలే. కంపెనీ ఉత్తరం వచ్చినంక సదివిన."

"నువ్వు పిల్లగానివి."

"ఇయ్యాల పిల్లగాన్ని గాదు గద."

రుఖియా దూరంగా వాచ్‌మన్‌తో ఏదో మాట్లాడుతూ నిలబడింది. మమ్మల్ని తొందరపెట్టలేదు. రాజేందర్ లేచి పైకి వెళ్ళి తాడు తీసుకొస్తానన్నాడు. నేను వద్దన్నాను. వాచ్‌మన్ వెళ్ళి చుట్టి తెచ్చాడు.

ఇంటికి వచ్చాక హిమజ వాడితో మాట్లాడలేదు. అన్నం పెట్టింది. వాడు తిన్నాక ఫారం అడిగాడు. రుఖియా పెన్ను ఇచ్చింది. ఆ వరుస దగ్గర తానే 'ఉంది' అని రాశాడు. పక్కన రెండు నెలల పేర్లు రాశాడు.

"ఇది ఇయ్యాల పంపను," అంది రుఖియా. "ముందు దవాఖాన. డాక్టర్ చిట్టీ వచ్చినంక దీనికి పెట్టి పంపుదాం. కిస్తు ఎక్కువ అడగొచ్చు. ఏడాది ఆగమనొచ్చు. పాలసీ ఇయ్యం అని సుత అనొచ్చు. ఇప్పుడే చెప్తున్న."

"ఇయ్యం అంటే?" అంది హిమజ.

"ఇంకొక దారి చూస్త. చూడనీకె వస్త. గంతవరకే నా చేతిల ఉన్నది."

సోమవారం హిమజే వాణ్ణి దవాఖానకు తీసుకెళ్ళింది. తలకు ఏదో ఫోటో తీయాలన్నారు, మందులు రాశారు, ఎత్తు ఎక్కవద్దన్నారు. కాంట్రాక్టర్ బయటి పని తీసేసి, షాపులో కింద కూర్చుని బోర్డులు బాగుచేసే పని ఇచ్చాడు. జీతం తగ్గింది. ఎన్నాళ్ళు ఉంచుకుంటాడో తెలియదు. ఫారం నా పెట్టెలో, తుకారాం ఫారం మీద ఉంది. ఫోటో రిపోర్టు ఇంకా రాలేదు. రోజుకొకసారి పెట్టె తెరిచి, వాడు రాసిన 'ఉంది' అన్న ఆ ఒక్క మాట చదువుకుని మూస్తాను.

నేను ఒట్టు తప్పిన నాలుగో రోజు పాపకు జ్వరం వచ్చింది. సందులో పిల్లలందరికీ జలుబులే, పళ్ళొచ్చే వయసు, హిమజ భయపడలేదు. మందు పోసి నా ఒళ్ళో పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. జ్వరం ఎంతుందో చూద్దామని నుదుటి మీద కుడిచేయి పెట్టబోయి ఆగిపోయాను. ఒట్టు వేసింది ఆ చేత్తోనే.

ఎడమచేయి పెట్టి చూశాను. వేడిగానే ఉంది. తగ్గేదాకా ఆ చేయి తీయకుండా కూర్చున్నాను.